ఐట్యూన్స్ పాటలను ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కుకు మార్చాలంటే: పాటలు వేరు, వాటి చిట్టా వేరు

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఏళ్లుగా ఐట్యూన్స్ వాడుతున్నారు. 11,400 పాటలు, దాదాపు 170 జీబీ. అందులో సీడీల నుంచి తీసుకున్నవి, కొన్నవి, నాన్నగారి క్యాసెట్ల నుంచి మీరే ఎక్కించినవి ఉన్నాయి. ల్యాప్‌టాప్ నిండిపోయింది, 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు కొన్నారు. ఫోల్డర్ మొత్తం కట్ చేసి అందులో పేస్ట్ చేస్తే సరిపోతుందా, ప్లేలిస్టులు, నక్షత్రాల రేటింగులు పోకుండా ఉంటాయా, మ్యాక్ వాడే మీ చెల్లెలికి కూడా అదే డిస్కు పనికొస్తుందా అని మీ సందేహం.

సరిపోదు. పాటలు ఎక్కడికీ పోవు కానీ ఐట్యూన్స్‌కు కనిపించవు. ఈ తప్పు నేను 2011లో స్వయంగా చేశాను. అప్పట్లో నాది డెస్క్‌టాప్. రాత్రి పదింటికి ఫోల్డర్ కట్ చేసి, కొత్త డిస్కులో పేస్ట్ కొట్టి పడుకున్నాను. నడిరాత్రి కరెంటు పోయింది. యూపీఎస్‌లో బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కట్ చేసి పేస్ట్ చేస్తే విండోస్ ఒక్కో ఫైలును అక్కడ చేర్చి ఇక్కడ చెరిపేస్తూ పోతుంది. పొద్దున లేచి చూస్తే ఇంగ్లీషు అక్షరక్రమంలో ఎం దాకా కొత్త డిస్కులో ఉన్నాయి, మిగిలినవి పాతచోటే ఉన్నాయి. కొత్త డిస్కుకు వెళ్లిన పాటల్లో ఏది ఐట్యూన్స్‌లో నొక్కినా పక్కన ఆశ్చర్యార్థకం గుర్తు. ఆ పాట ఎక్కడుందో మీరే చూపించండి అని అది అడుగుతుంది. తొమ్మిది వేల పాటలకు ఒక్కొక్కటిగా చూపిస్తూ కూర్చున్నాను. ఆ ఏడు సంక్రాంతి సెలవులు దానికే సరిపోయాయి.

అసలు కిటుకు ఎక్కడుందో చెబుతాను, అది అర్థమైతే మిగతా పని తేలిక. మీ మ్యూజిక్ ఫోల్డర్‌లో ఐట్యూన్స్ అనే ఫోల్డర్ తెరిచి చూడండి. అందులో ఐట్యూన్స్ మీడియా అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది, పాటలు ఉండేది అందులో. దాని పక్కనే ఐట్యూన్స్ లైబ్రరీ అనే చిన్న ఫైలు ఒకటి, పేరు చివర ఐటీఎల్ (.itl) అనే పొడి అక్షరాలతో ఉంటుంది. అది పాట కాదు, పాటల చిట్టా. ఫలానా పాట ఫలానా డ్రైవులో ఫలానా ఫోల్డర్‌లో ఉంది, దానికి నాలుగు నక్షత్రాలు ఇచ్చారు, 37 సార్లు విన్నారు, ఈ మూడు ప్లేలిస్టుల్లో ఉంది, ఈ తేదీన చేర్చారు అని రాసుకునేది అక్కడే. బస్తాలన్నీ పక్క గోదాముకు మార్చేసి, చిట్టాలో పాత గోదాము పేరే ఉంచితే గుమాస్తా పాత గోదాముకే వెళ్లి సరుకు లేదని వస్తాడు. ఐట్యూన్స్ చేసేది సరిగ్గా అదే. కాబట్టి బస్తాలను మీరు మోయకూడదు, గుమాస్తా చేతనే మోయించాలి. అప్పుడు మోసిన ప్రతి బస్తాకూ చిట్టాలో కొత్త చోటు అతనే రాసుకుంటాడు.

పాట పేరు, గాయకుడు, ఆల్బమ్, సంవత్సరం లాంటి వివరాలు ఎంపీత్రీ ఫైళ్లలోనూ, ఐట్యూన్స్ స్టోరులో కొన్న ఫైళ్లలోనూ పాటతోపాటే ఉంటాయి. వాటినే ట్యాగులు అంటాం. చిట్టా చెడిపోయినా అవి బతుకుతాయి. రేటింగులు, ఎన్నిసార్లు విన్నారనే లెక్క, ప్లేలిస్టులు, చేర్చిన తేదీ మాత్రం చిట్టాలోనే ఉంటాయి. అన్నీ తీసేసి కొత్త డిస్కు నుంచి మళ్లీ చేర్చుకుంటే పోతుంది కదా అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. అలా చేస్తే పాటలు వస్తాయి కానీ మీ 11,400 పాటలూ ఈరోజే చేర్చినట్టు, ఒక్కటీ విననట్టు కనిపిస్తాయి.

మీ విషయంలో నన్ను కలవరపెట్టినది వేరొకటి ఉంది. నాన్నగారి క్యాసెట్లను వేవ్ ఫైళ్లుగా, అంటే శబ్దాన్ని కుదించకుండా దాచే ఫైళ్లుగా ఎక్కించానని రాశారు. వేవ్ ఫైలుకు మీరు ఐట్యూన్స్‌లో పేరు, గాయకుడు అని ఎంత శ్రద్ధగా రాసినా ఐట్యూన్స్ దాన్ని ఫైలులోకి ఎక్కించదు, చిట్టాలోనే ఉంచుకుంటుంది. రేపు చిట్టా పోతే ఆ ఫైళ్లు ‘ట్రాక్ 01’, ‘ట్రాక్ 02’ అని మిగులుతాయి. హరికథ ఏది, కచేరీ ఏది అని మళ్లీ మొదటి నుంచి విని తేల్చుకోవాలి. సినిమా పాటల ఫైలు పోతే ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, నాన్నగారు రేడియో పక్కన కూర్చుని పట్టుకున్న కచేరీ దొరకదు. మొత్తం పనిలో ముందు చేయాల్సింది ఈ ఫైళ్ల సంగతి చూడటం.

అందుకు దారి ఉంది. ఐట్యూన్స్ ప్రిఫరెన్సెస్‌లో జనరల్ కింద ఇంపోర్ట్ సెట్టింగ్స్ తెరిచి ఆపిల్ లాస్‌లెస్ ఎంచుకోండి. తర్వాత క్యాసెట్ ఫైళ్లన్నీ ఎంపిక చేసి, ఫైల్ మెనూలో కన్వర్ట్ కింద ఆపిల్ లాస్‌లెస్ వెర్షన్ తయారు చేయమనండి. శబ్దంలో రవ్వంత కూడా పోదు, ట్యాగులు ఫైలులోకే చేరతాయి, సైజు తగ్గుతుంది. సీడీ నాణ్యతలో వేవ్ ఫైలు గంటకు 635 ఎంబీ తింటుంది, అరవై నిమిషాల క్యాసెట్ అంటే అంత. లాస్‌లెస్‌లో అది సగానికి కొంచెం అటూఇటూ అవుతుంది. క్యాసెట్‌లోని బుస శబ్దాన్ని కుదించడం కష్టం కాబట్టి శుభ్రమైన సీడీకి తగ్గినంత దీనికి తగ్గదు. ఫ్లాక్ కూడా ఇలాంటిదే, మంచిదే, కానీ ఐట్యూన్స్ ఫ్లాక్ ఆడదు. ఒక చిక్కు ఏమిటంటే, మార్పిడి చేస్తే కొత్త ఫైలు పుడుతుంది, పాత వేవ్ అలాగే ఉంటుంది, ప్లేలిస్టుల్లో ఉన్నది పాతదే. ఆ ప్లేలిస్టుల్లో కొత్తదాన్ని చేర్చి పాతదాన్ని తీసేయడం చేత్తో చేయాల్సిందే. నలభై క్యాసెట్లకు ఒక ఆదివారం చాలు. క్యాసెట్లను మాత్రం పారేయకండి.

ఇప్పుడు డిస్కు ఫార్మాట్, అంటే డిస్కు ఫైళ్లను దాచుకునే పద్ధతి. చెల్లెలి మ్యాక్ ఉందన్నారు కాబట్టి ఎవరైనా ఎక్స్‌ఫ్యాట్ చేయమంటారు, విండోస్, మ్యాక్ రెండూ దాన్ని చదివి రాస్తాయి. నేను మాత్రం మీకు ఎన్‌టీఎఫ్‌ఎస్ చేయమంటాను. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో డిస్కు తాను చేయబోయే మార్పులను ముందుగా ఒక పద్దులో రాసుకుంటుంది. మధ్యలో తీగ ఊడినా, కరెంటు పోయినా ఆ పద్దు చూసి తేరుకుంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌కు అటువంటి పద్దు లేదు. మన ఇళ్లలో తీగ ఊడటం, కరెంటు పోవడం రెండూ మామూలే. మ్యాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కులో రాయలేదు కానీ చదవగలదు. మీ చెల్లెలు పాటలు వినాలి, నచ్చినవి తన మ్యాక్‌లోకి తీసుకోవాలి, అంతే కదా. చదవడం చాలు. పైగా మీ డిస్కులో ఆమె పొరపాటున ఏదీ చెరపలేదు, అది నాకు లాభంగానే కనిపిస్తుంది. ఆమె కూడా అందులోకి పాటలు వేయాలంటేనే ఎక్స్‌ఫ్యాట్. ఫ్యాట్32 జోలికి వెళ్లవద్దు, 4 జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు. ఫార్మాట్ చేస్తే డిస్కులో ఉన్నవన్నీ పోతాయి కాబట్టి ఏదైనా వేయకముందే చేసేయండి.

మ్యాక్ ప్రస్తావన వచ్చింది కాబట్టి తెలుగు పేర్లతో ఎదురయ్యే ఒక వింత చెబుతాను. మీ ఫైళ్ల పేర్లు తెలుగులో ఉంటే ఇది పనికొస్తుంది. ఐత్వం ఉంది కదా, ‘వైశాఖం’ అన్నప్పుడు వచ్చే ఐత్వం. కంప్యూటర్ దాన్ని రెండు విధాలుగా రాసుకోవచ్చు. ఒకే గుర్తుగా రాయవచ్చు, లేదా ఎత్వం ఒకటి, కింద చేరే కొక్కెం ఒకటి అని రెండు గుర్తులుగా విడదీసి రాయవచ్చు. 2017కు ముందు మ్యాక్‌లు వాడిన డిస్కు పద్ధతి ఫైలు పేర్లను విడదీసే దాచుకునేది. విండోస్ ఏది ఇస్తే అది ఉంచుకుంటుంది. ఫలితం ఏమిటంటే ఒకే పేరు, కంటికి తేడా లేదు, కంప్యూటర్‌కు మాత్రం రెండు వేర్వేరు ఫైళ్లు. పాత మ్యాక్ నుంచి తిరిగి తెచ్చుకున్న ఫోల్డర్‌ను మీ ఫోల్డర్‌తో పోల్చితే ఐత్వం ఉన్న పాటలన్నీ ‘కొత్తవి’గా తేలి రెండేసి కాపీలు అవుతాయి. ఒకసారి నా దగ్గర భైరవి రాగం కృతులన్నీ జంటలుగా, కల్యాణి కృతులు ఒంటరిగా కనిపించాయి. సంగీతంలో ఏదో మర్మం ఉందనుకుని గంటసేపు బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

తెలుగు పేర్లతో మరో చిక్కు ప్లేలిస్టులది. పని మొదలుపెట్టే ముందు ముఖ్యమైన ప్లేలిస్టులను విడి ఫైళ్లుగా తీసి ఉంచుకోవడం మంచిది. ఫైల్ మెనూలో లైబ్రరీ కింద ఎక్స్‌పోర్ట్ ప్లేలిస్ట్ ఉంటుంది. అక్కడ ఎం3యూ అని ఒకటి, ఎం3యూ8 అని ఒకటి కనిపిస్తాయి. మీరు ఎంచుకోవలసింది ఎనిమిది ఉన్నది. ఎనిమిది లేనిది యూనికోడ్‌కు, అంటే అన్ని భాషల అక్షరాలకూ కలిపి ఉన్న ఒకే పట్టికకు, ముందు కాలపు పద్ధతి. ఆ కాలంలో రష్యన్‌కు, గ్రీకుకు, అరబిక్‌కు విండోస్‌లో తలా ఒక అక్షరాల పట్టిక ఉండేది, తెలుగుకు లేనే లేదు. మనకు విండోస్‌లో చోటు దొరికిందే యూనికోడ్‌తో. అందుకే పాత పద్ధతిలో దాచిన ప్లేలిస్టు తెరిస్తే తెలుగు అక్షరం ఉన్న ప్రతిచోటా ప్రశ్నార్థకాల వరస కనిపిస్తుంది, వాటి నుంచి అసలు పేరు తిరిగి రాబట్టే ఉపాయం లేదు.

డిస్కు పెట్టగానే విండోస్ దానికి ఏదో ఒక డ్రైవ్ అక్షరం ఇస్తుంది, ‘ఈ’ (E) లేదా ‘ఎఫ్’ (F). ఇవాళ ‘ఈ’ అని ఇచ్చింది అనుకుందాం. రేపు మీరు ముందు పెన్‌డ్రైవ్ గుచ్చి తర్వాత కొత్త డిస్కు పెడితే ఆ అక్షరం పెన్‌డ్రైవ్‌కు పోవచ్చు. చిట్టాలో మాత్రం ‘ఈ’ డ్రైవ్ అనే రాసి ఉంటుంది. మళ్లీ ఆశ్చర్యార్థకాలే. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి, కొత్త డిస్కు మీద కుడి క్లిక్ చేసి డ్రైవ్ అక్షరం మార్చే చోటికి వెళ్లి, మ్యూజిక్‌కు గుర్తుగా ఎం ఇవ్వండి. ఆ ల్యాప్‌టాప్ దాన్ని గుర్తుంచుకుంటుంది. ఒక్క నిమిషం పని. దీన్ని పాటలు చేర్చకముందే చేయాలి, చేర్చాక మార్చితే పని పాడవుతుంది.

ఇంకా పాటలు కదపకముందే చూడాల్సింది ఆల్బమ్‌ల సంగతి. ఐట్యూన్స్ పాటలను గాయకుడి పేరుతో ఒక ఫోల్డర్, అందులో ఆల్బమ్ పేరుతో ఒక ఫోల్డర్‌గా సర్దుతుంది. ఈ పద్ధతి ఒకే గాయకుడు ఆల్బమ్ అంతా పాడే చోట పుట్టింది. మన సినిమా ఆల్బమ్‌లో ఐదు పాటలుంటే ఘంటసాల ఒకటి, సుశీల ఒకటి, ఇద్దరూ కలిసి రెండు, మరొకరు ఒకటి పాడి ఉంటారు. ఐట్యూన్స్ దృష్టిలో ‘ఘంటసాల’, ‘ఘంటసాల, సుశీల’, ‘సుశీల, ఘంటసాల’ ముగ్గురు వేర్వేరు గాయకులు. ఒక్క సినిమా నాలుగైదు ఫోల్డర్లలోకి చెదిరిపోతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న పేర్లయితే చెప్పనక్కర్లేదు. బాలసుబ్రహ్మణ్యం పేరు నా దగ్గర పదకొండు రకాలుగా తేలింది, చుక్కలతో, చుక్కలు లేకుండా, హెచ్ ఉన్నచోట, లేనిచోట. దీనికి మందు ఆల్బమ్ ఆర్టిస్ట్ అనే గడి. ఒక సినిమా పాటలన్నీ ఎంపిక చేసి ఆ గడిలో సంగీత దర్శకుడి పేరు ఒకేలా రాయండి, అన్నీ ఒక ఫోల్డర్‌లోకి చేరతాయి. లేదా కంపైలేషన్ అనే గడిలో టిక్కు పెడితే కంపైలేషన్స్ అనే ఫోల్డర్‌లోకి సినిమా పేరుతో వెళ్తాయి. నాకు మొదటిది నచ్చుతుంది, ఎందుకంటే పాత పాటలను నేను సంగీత దర్శకుడి పేరుతోనే వెతుక్కుంటాను. ఆల్బమ్ పేరు చివర ఏదో వెబ్‌సైటు పేరు అంటించి ఉన్న ఫైళ్లు కూడా ఉంటాయి, అందరి దగ్గరా ఉంటాయి. వాటిని ఎంపీత్రీట్యాగ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఒక్క దెబ్బకు వందలుగా శుభ్రం చేయవచ్చు. మొత్తం 11,400 పాటలనూ ఇప్పుడే బాగుచేయాలని కూర్చుంటే డిస్కు డబ్బాలోనే ఉండిపోతుంది. మరీ చెదిరిన యాభై అరవై సినిమాలు సర్ది ముందుకు వెళ్లండి.

డూప్లికేట్లను తీసేద్దామని కూడా అనిపిస్తుంది. తొందరపడవద్దు. ఫైల్ మెనూలో లైబ్రరీ కింద ఐట్యూన్స్ చూపించే డూప్లికేట్ల జాబితా పేరు, గాయకుడు ఒకటైతే చాలు డూప్లికేట్ అంటుంది. అదే గాయని అదే కీర్తనను రెండు కచేరీల్లో పాడితే అవి రెండు పాటలు. షిఫ్ట్ నొక్కి పట్టుకుని ఆ మెనూ తెరిస్తే కచ్చితమైన డూప్లికేట్లను చూపించే ఎంపిక వస్తుంది. అందులో తేలినవాటిని కూడా నిడివి చూసే తీయండి.

ఇక అసలు పని. ముందుగా వ్యూ మెనూలో స్టేటస్ బార్ తెరిచి, కింద కనిపించే పాటల సంఖ్య, మొత్తం నిడివి, జీబీలు ఒక కాగితం మీద రాసుకోండి. ఐట్యూన్స్ మూసి, ఐటీఎల్ ఫైలును ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. పని చెడితే వెనక్కి రావడానికి అది దారి. కొత్త డిస్కులో పాటలు అనే ఫోల్డర్ చేయండి. ఐట్యూన్స్ తెరిచి, ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో అడ్వాన్స్‌డ్ దగ్గరికి వెళ్తే పైన మీడియా ఫోల్డర్ ఎక్కడుందో ఉంటుంది. చేంజ్ నొక్కి ఎం డ్రైవ్‌లోని ఆ ఫోల్డర్‌ను చూపించండి. కింద రెండు గడులు ఉంటాయి, ఫోల్డర్‌ను సర్ది ఉంచమని ఒకటి, కొత్తగా చేర్చే పాటలను ఈ ఫోల్డర్‌లోకి కాపీ చేయమని మరొకటి. రెండింటికీ టిక్కు పెట్టండి. సర్దమంటారా అని అడిగితే సరే అనండి.

ఇంతవరకు ఒక్క పాట కూడా కదలలేదు. ఇకపై చేర్చేవి మాత్రమే కొత్తచోటికి వెళ్తాయి. చాలామంది ఇక్కడ ఆగి, అయిపోయిందనుకుని పాత ఫోల్డర్ చెరిపేస్తారు. నాకు వచ్చే గోడులో సగం ఈ మెట్టు దగ్గరివే. ఇప్పుడు ఫైల్ మెనూలో లైబ్రరీ, ఆర్గనైజ్ లైబ్రరీ తెరిచి, కన్సాలిడేట్ ఫైల్స్‌కు టిక్కు పెట్టి సరే అనండి. గుమాస్తా బస్తాలు మోయడం మొదలుపెడతాడు. చిట్టాలో ఉన్న ప్రతి పాటనూ, అది డెస్క్‌టాప్ మీద ఉన్నా, డౌన్‌లోడ్స్‌లో ఉన్నా, డీ డ్రైవ్‌లో మూలన ఉన్నా, వెతికి కాపీ చేసి కొత్త చోటు రాసుకుంటాడు. కాపీ చేస్తాడు కానీ పాతదాన్ని చెరపడు. చిట్టాలో లేని ఫైళ్లను మాత్రం ముట్టడు. మీరు ఎప్పుడూ ఐట్యూన్స్‌లోకి చేర్చని క్యాసెట్ ఫోల్డర్ ఏదైనా ఉంటే దాన్ని మీరే చేర్చాలి, లేకపోతే విడిగా కాపీ చేయాలి. ఇప్పటికే ఆశ్చర్యార్థకం ఉన్న పాటలు కూడా రావు.

ఛార్జర్ పెట్టే ఉంచండి, మూత వేస్తే నిద్రపోయే ఏర్పాటు ఆ పూటకు ఆపేయండి. తీగను నేరుగా ల్యాప్‌టాప్‌లోని యూఎస్‌బీ 3 రంధ్రంలోనే పెట్టండి, చాలా ల్యాప్‌టాప్‌లలో దాని నాలుక నీలం రంగులో ఉంటుంది. పాత యూఎస్‌బీ 2లో పెడితే సెకనుకు 30, 40 ఎంబీకి మించదు. యూఎస్‌బీ 3లో ఇటువంటి డిస్కులు సెకనుకు 100 ఎంబీ పైగా అందుకుంటాయి. ఆ లెక్కన 170 జీబీకి అరగంట చాలాలి. కానీ అంతలో అయిపోతుందని అనుకోవద్దు, రెండు మూడు గంటలు పట్టవచ్చు. వేల చిన్న ఫైళ్లు కాబట్టి కొంత ఆలస్యం. అసలు కారణం మరొకటి. అరచేతిలో పట్టే పెద్ద డిస్కుల్లో చాలావాటిలో ఈనాడు సమాచారపు వరసలను పెంకుటింటి పెంకుల్లా ఒకదాని అంచు మీద ఇంకొకటి వచ్చేలా రాస్తారు. అలా రాస్తే ఎక్కువ సమాచారం పడుతుంది కానీ ఒక పెంకు మార్చాలంటే దాని పైవాటినీ కదపాలి. మొదట్లో వేగంగా వెళ్లి, కొంతసేపటికి వేగం నాలుగో వంతుకు పడిపోతే డిస్కు పాడైందని కంగారుపడి తీగ పీకవద్దు. మధ్యలో పీకడమే అసలు ప్రమాదం. టిక్కు టిక్కుమని ఒకే లయలో చప్పుడు వస్తూ డిస్కు కనిపించి మాయమవుతుంటే అది వేరు, సాధారణంగా కరెంటు చాలకపోవడం. మధ్యలో యూఎస్‌బీ హబ్ ఉంటే తీసేసి నేరుగా పెట్టండి, అప్పటికీ ఆగకపోతే దుకాణానికి తిప్పి పంపండి.

వినడానికి ఈ వేగాలేవీ అక్కర్లేదని కూడా చెప్పాలి. మంచి నాణ్యత ఉన్న 320 కేబీపీఎస్ ఎంపీత్రీ పాటకు సెకనుకు 40 కేబీ చాలు. ఎస్‌ఎస్‌డీ (లోపల తిరిగే భాగాలు లేని డిస్కు) కొనాల్సింది అని బాధపడవలసిన పని లేదు. కింద పడితే మాత్రం ఎస్‌ఎస్‌డీ తట్టుకుంటుంది, మీది తట్టుకోకపోవచ్చు. తిరుగుతుండగా పడితే మరీను. తీగ కాలికి తగిలే చోట పెట్టవద్దు.

కాపీ అయ్యాక ఒక పాట మీద కుడి క్లిక్ చేసి సాంగ్ ఇన్ఫో, అందులో ఫైల్ అనే పేజీ తెరవండి. అడుగున చోటు ఎం డ్రైవ్ అని ఉండాలి. స్టేటస్ బార్‌లోని సంఖ్య కాగితం మీది సంఖ్యతో సరిపోవాలి. ఎక్స్‌ప్లోరర్‌లో పాత ఫోల్డర్, కొత్త ఫోల్డర్ ప్రాపర్టీస్ పోల్చాలనుకుంటే సైజ్ అనే వరస చూడండి, సైజ్ ఆన్ డిస్క్ అనేది కాదు. డిస్కు జాగాను గడులుగా పంచుతుంది, గడుల కొలత మారితే రెండో సంఖ్య మారిపోతుంది. చెదిరి ఉన్న పాటలు కూడా వచ్చి చేరాయి కాబట్టి కొత్తది కొంత ఎక్కువ ఉండటం సహజమే, తక్కువ ఉంటే వెతకాలి.

నాకు వీటన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ఒకటుంది. ఐట్యూన్స్ మూసేయండి. పాతచోట ఉన్న ఐట్యూన్స్ మీడియా ఫోల్డర్ పేరు మార్చి ‘పాతది’ అని పెట్టండి. బయట ఉన్న ఐట్యూన్స్ ఫోల్డర్ పేరు మార్చవద్దు, అందులో చిట్టా ఉంది. చెరపవద్దు, పేరే మార్చండి. మళ్లీ ఐట్యూన్స్ తెరిచి పాత ప్లేలిస్టుల నుంచి తలా రెండు పాటలు, క్యాసెట్ ఫైళ్లు కొన్ని, తెలుగు పేరున్నవి, ఐత్వం ఉన్నవి కొన్ని ఆడించండి. ఆడితే అవి కొత్త డిస్కు నుంచే వస్తున్నట్టు. ఆడనిది ఉంటే ఏమీ పోలేదు, పాత ఫోల్డర్ అక్కడే ఉంది.

కొందరు చిట్టాను కూడా ఎక్స్‌టర్నల్ డిస్కులోనే పెట్టుకుంటారు. ఐట్యూన్స్ ఫోల్డర్ మొత్తం అందులోకి కాపీ చేసి, షిఫ్ట్ నొక్కి పట్టుకుని ఐట్యూన్స్ తెరిస్తే ఏ లైబ్రరీ అని అడుగుతుంది, అక్కడ కొత్తదాన్ని చూపిస్తే చాలు. రెండు కంప్యూటర్లలో తిప్పేవాళ్లకు అది బాగుంటుంది. మీకు వద్దు. చిట్టా ల్యాప్‌టాప్‌లో, పాటలు బయట ఉంటే డిస్కు చెడినా మీ రేటింగులు, ప్లేలిస్టులు మిగులుతాయి, రెండో కాపీ నుంచి పాటలు అదే ఎం డ్రైవ్‌లో అదే ఫోల్డర్‌లో పెడితే ఏమీ జరగనట్టే నడుస్తుంది.

రెండో కాపీ అన్నాను. ఇప్పటిదాకా పాటలు ల్యాప్‌టాప్‌లో ఒకచోట ఉండేవి, ఇప్పుడు ఎక్స్‌టర్నల్ డిస్కులో ఒకచోట ఉంటాయి. ఎక్స్‌టర్నల్ డిస్కు అనగానే చాలామంది దాన్ని బ్యాకప్ అనుకుంటారు. ఉన్న ఒకే ఒక కాపీ బ్యాకప్ ఎలా అవుతుంది? ఇంకో డిస్కు కొనండి, వేరే కంపెనీది అయితే ఇంకా మేలు. ఫ్రీఫైల్‌సింక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో అప్పుడప్పుడు మొదటిదాన్ని రెండోదానిలోకి దించండి. అందులో మిర్రర్ పద్ధతి వద్దు, మొదటి డిస్కులో పొరపాటున చెరిపింది రెండోదానిలోనూ చెరిపేస్తుంది. అప్‌డేట్ పద్ధతి వాడండి. ఐటీఎల్ ఫైలునూ, మార్పిడికి ముందరి వేవ్ ఫైళ్లనూ అందులోనే ఉంచండి. ఆ డిస్కు మీ ఇంట్లో ఉండకపోవడం మంచిది, చెల్లెలు పండక్కి వచ్చినప్పుడు ఆమెతో పంపించేయండి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉంటే గాలి పోని డబ్బాలో, చెమ్మ పీల్చే పొట్లం ఒకటి వేసి పెట్టాలి. మే నెలలో కారులో వదిలేయకూడదు.

నెలవారీ చందాతో పాటలు వినిపించే యాప్‌లలో దించుకున్నవి ఈ లెక్కలోకి రావు. అవి తాళం వేసిన ఫైళ్లు, చందా ఆగితే తెరుచుకోవు. ఐట్యూన్స్ స్టోరులో డబ్బు పెట్టి కొన్న పాటలకు 2009 నుంచి తాళం లేదు, అవి మామూలుగానే వస్తాయి. విండోస్‌లో ఆపిల్ మ్యూజిక్ అనే కొత్త యాప్ వేసుకుంటే పాటలు దానిలోకి వెళ్లి, ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్టులు, ఆడియో పుస్తకాలు మిగులుతాయి. ఈ మార్పిడి పూర్తయ్యేదాకా దాన్ని వేసుకోవద్దు. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఎక్కడ చెడిందో తెలియదు.

రోజూ వాడకంలో వరస ఒకటి అలవాటు చేసుకోండి. ముందు డిస్కు పెట్టి, అది కనిపించాక ఐట్యూన్స్ తెరవాలి. తీసేటప్పుడు ముందు ఐట్యూన్స్ మూసి, ఎజెక్ట్ చేసి, తర్వాత తీగ తీయాలి. డిస్కు లేకుండా తెరిస్తే ఐట్యూన్స్ మీడియా ఫోల్డర్‌ను చప్పుడు చేయకుండా మళ్లీ ల్యాప్‌టాప్‌కే మార్చుకోవచ్చు, ఆ రోజు చేర్చిన పాటలు అక్కడే పడతాయి. అప్పుడప్పుడు అడ్వాన్స్‌డ్ పేజీలో చోటు ఎం డ్రైవ్ అనే ఉందా అని చూస్తూ ఉండండి. మారి ఉంటే తిరిగి చూపించి, ఇంకోసారి కన్సాలిడేట్ చేస్తే సర్దుకుంటుంది.

రెండు వారాలు ఇలా వాడాక, రెండో కాపీ కూడా అయ్యాక, ‘పాతది’ అన్న ఫోల్డర్ చెరపండి. డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో, డీ డ్రైవ్‌లో చెదిరి ఉన్న పాత కాపీలను మీరే వెతికి తీయాలి. రీసైకిల్ బిన్ ఖాళీ చేసేదాకా జాగా రాదు. కాగితం మీది 11,400కూ స్టేటస్ బార్‌లోని సంఖ్యకూ తేడా వస్తే చెరపకుండా ఆగి, ఎన్ని తగ్గాయో, అవి ఏ రకం ఫైళ్లో రాయండి.